తులమెత్తు దారము

గాలపు విద్యను సంవాదరూపమున చెప్పుట పూర్వులు త్రొక్కిన మార్గమే. ఆంగ్లదేశమున ఐజాక్ వాల్టన్ 1653లో ప్రకటించిన ‘కంప్లీట్ ఆంగ్లర్’ సంభాషణగానే నడచిన గ్రంథము. దానికి 1676లో చార్లెస్ కాటన్ చేర్చిన రెండవ భాగము ఈకలతో కట్టిన కృత్రిమపు ఈగతో చేపను పట్టుటను గూర్చినది, అదియు సంభాషణయే. నీటి ఒడ్డున కూర్చున్నవానికి కన్ను, చేయి పనిలో నుండి నోరొక్కటియే తీరికగా నుండుటచేత, మాటకు మాట పెరుగుట సహజము.

నేను వినిన సంవాదము శామీర్‌పేట చెరువుకట్టమీద జరిగినది. మృగశిర ప్రవేశించి నాలుగు దినములైనను చినుకు రాలలేదు. సికింద్రాబాదునుండి కరీంనగరమునకు పోవు మార్గములో ఇంచుమించు 25 కిలోమీటర్ల దూరమున నున్న ఆ చెరువు, వేసవి తాపమునకు వెనుకకు జరిగి, శిఖము భూమిని బీటలువారిన ఒండ్రుగా మనకు చూపుచుండెను. వాదించిన ఇద్దరిలో పెద్దవారు నాకు చిరకాల మిత్రులు. ఉపాధ్యాయవృత్తినుండి విశ్రాంతి గైకొని, ఏబది ఏండ్లుగా ఆ నీటిలోనే వెదురుకర్రతో గాలము వేయుచున్నవారు. రెండవవాడు వారి మేనల్లుడు. కొలరాడో కొండలలో ఉద్యోగము చేయుచు, అచటి మంచునీటి వాగులలో ట్రౌట్ అను చేపను ఈకల ఈగతో పట్టుట నేర్చి, ఆ సాధనసామగ్రిని ఒక పొడవైన గొట్టములో భద్రపరచుకొని మేనమామకు చూపుటకై తెచ్చినవాడు. ఒకే విద్యను రెండు నీళ్లలో నేర్చిన ఆ ఇద్దరి వాదమును నాకు జ్ఞాపకమున్నంతవరకు వ్రాయుచున్నాను. ఎడనెడ నా అభిప్రాయము చొరబడినచో చదువరులు మన్నింతురు గాక.

మామ: అల్లుడా, ఇంత దూరమునుండి ఇంత శ్రద్ధతో తెచ్చిన వస్తువును నేను తేలికచేసి మాటాడను. కాని నాకు తెలిసిన గాలము క్రమమిది: కర్రకు దారము, దారమునకు జీలుగు బెండు, బెండు క్రింద సీసపుగుండు, దాని క్రింద కొక్కెము, కొక్కెమునకు ఎర్ర. గుండు బరువు దారమును లాగికొని దూరము పోవును, లోతునకు దిగును. నీ కొక్కెమునకు గుండు లేదు. ఎర యనదగినది రెండు కోడి ఈకలును ఒక పోగు ఉన్నియు. ఊదిన ఎగిరిపోవు ఈ వస్తువును అరువది అడుగుల దూరమునకు ఏ బలముతో పంపెదవు?

అల్లుడు: మామా, మీ చిన్ననాట ఎడ్లబండి తోలినవాని చేతి చెర్నాకోలను చూచియుందురు. దాని కొసకు రాయి కట్టుట కలదా? మొదట లావై, పోనుపోను సన్ననై, కొసకు వెండ్రుకంత యగు ఆ తోలుత్రాటి బరువే చేతి విసురును మొదటినుండి కొసవరకు మోసికొనిపోయి, అచట ఛెళ్లుమనిపించును. ఈ విద్యలో విసరబడునది ఎర కాదు, దారము. ఈగ ఆ దారము వెంట ఊరక పోవునది. కావున తక్కిన గాలములన్నిటను దారము సన్ననిదై, కంటికి కానరానిదై, చేపకును చేతికిని నడుమ సంబంధమై మాత్రమే యుండగా, ఇందులో దారమే గుండు, దారమే బాణము, దారమే సర్వము. దీనిని ఎన్నుకొనుటలో పొరపాటు జరిగిన పిదప ఎంత వెలగల కర్ర కొన్నను ప్రయోజనము లేదు.

మామ: అట్లైన దారమును తూచి కొందురా?

అల్లుడు: తూచియే. పట్టుదారముల కాలమున దారపు లావును అక్షరములతో గుర్తించెడివారు; పట్టు ఎచటనైనను పట్టే కనుక లావు తెలిసిన బరువు తెలిసినట్లే. నైలానును ప్లాస్టిక్కు పూతయు వచ్చిన పిదప ఒకే లావుగల రెండు దారములు రెండు బరువులు తూగసాగినవి. అప్పుడు దారపు మొదటి 30 అడుగుల తూకమును ప్రమాణముగా గైకొని అంకెలు ఏర్పరచిరి. నాలుగవ అంకె దారము ఆ 30 అడుగులు 120 గ్రెయిన్లు, ఐదవది 140, ఏడవది 185, ఎనిమిదవది 210. కర్రమీదను అదే అంకె వ్రాసియుండును. రెండంకెలు కలిసినప్పుడు కర్ర ఆ బరువునకు సరిగా వంగి సరిగా లేచును.

ఇచట మా మిత్రుని ముఖమున ఒక వెలుగు కనబడినది. లెక్క చెప్పి బ్రదికినవానికి లెక్క ఎదురైనప్పటి సంతోషమది.

మామ: గ్రెయిన్లనగా మాకు పరాయివి కావు. ఆంగ్లేయుల వెండిరూపాయి సరిగా 180 గ్రెయిన్లు, అదియే తులము. ఇప్పటి బంగారు దుకాణములలో పది గ్రాములను తులమనుచున్నారు గాని, పాత తులము పదకొండున్నర గ్రాములకు మించినది. కావున నీ ఏడవ అంకె దారము తులమునకు ఇంచుక ఎక్కువ. ఐదవది ముప్పాతిక తులమునకు ఇంచుక ఎక్కువ. ఎనిమిదవది తులముమీద సరిగా ఆరవ వంతు. ఒక రూపాయి బిళ్ల ఎత్తును ముప్పది అడుగుల పొడవున పరచి గాలిలో నిలుపుట! ఇది నిజముగా చక్కని ఆలోచన, నేను కాదనను. కాని నీవు చెప్పిన క్రమము నాకు సమ్మతము కాదు. దారము మొదట, కర్ర తరువాత అంటివి.

అల్లుడు: దుకాణమువారు కర్రను మొదట చూపుదురు, నేను మొదట చేసిన తప్పదియే. పెద్ద కర్ర కొని, దానికి తగిన దారము వెదకి, ఆ బరువుదారముతో చిన్న వాగులలో రెండేండ్లు చేపలను బెదరగొట్టితిని.

మామ: నేననునది అది కాదు. దారము కూడ మొదటిది కాదు. మొదటిది చేప నోరు.

ఈ మాట చెప్పి ఆయన కొంతసేపు ఊరకుండెను. గట్టున తుమ్మచెట్టు క్రింద ఒక లకుముకిపిట్ట నీటివైపు తదేకముగా చూచుచుండెను.

మామ: బొచ్చె నోరు చూచితివా? క్రింది దవడ ముందుకు వచ్చి నోరు మీదికి తెరచుకొనును. అది పైనీటిలో తిరుగుచు, కంటికి కానరాని సూక్ష్మజీవులను మొప్పల జల్లెడతో వడగట్టుకొని తినును; నీ ఈగను అది ఎన్నడును ఆహారమని తలపదు. మోసు నోరు క్రిందికి తిరిగియుండును. అది అడుగున ఒండ్రును నాకును. రవ్వ పెదవులు అంచున ముడుతలువారి మెత్తగా నుండును. అది నడుమనీటిలో నాచును, పాచిని కొరుకును. ఈ మూటిని ఒకే చెరువులో కలిపి పెంచుట అందులకే. ఒకదాని విస్తరిలో మరియొకటి చేయిపెట్టదు. నేను రవ్వకు తవుడు, గానుగపిండి కలిపి ముద్ద చేయుదును, జెల్లకు ఎర్ర గ్రుచ్చుదును, వాలుగకు చిన్నచేపను గ్రుచ్చుదును. నోటినిబట్టి ఎర, ఎరనుబట్టి కొక్కెము, కొక్కెమునుబట్టి దారము. చేపలు తినునదేమో అడుగక దారము తూచుట, ఇంటికి వచ్చు చుట్టమెవరో తెలియక ఎసట బియ్యము పోసినట్లు.

అల్లుడు: మామా, ఈ క్రమమే మా విద్యలోను ఉత్తములైనవారి క్రమము. నీటిపై ఏ పురుగు రాలుచున్నదో చూచి ఈగను ఎన్నుకొందురు. ఆ ఈగ చిన్నదైన తేలికదారము, పెద్దదై గాలిని అడ్డుకొనునదైన బరువుదారము. దారమునకు తగిన కర్ర. చిట్టచివర రీలు, అది చిన్న చేపల విషయమున దారము దాచు పెట్టె మాత్రమే. నేను దారమునుండి మొదలిడినది తొందరచేత. కాని మీరు పేర్కొన్న మూడు చేపలతో ఈ చెరువు ముగియదు గదా! పరికలు సంధ్యవేళ నీటిమీద దోమలకై ఎగురుచుండుట మీరే నాకు చిన్ననాడు చూపితిరి. జిలేబి చిన్నపురుగును విడువదు. ఇక కొర్రమట్ట!

కొర్రమట్ట పేరు రాగానే వాదము వేడెక్కినది. తెలంగాణ రాష్ట్రము తన రాష్ట్రమత్స్యముగా 2016లో ప్రకటించిన చేప యిది. మృగశిరనాడు దీని వెల ఎంత పెరిగినను కొనువారు తగ్గరు.

మామ: కొర్రమట్టకు కప్ప ఎర. నీటితీగల నడుమ కప్పను ఆడించవలెను. అది గాలి పీల్చుటకు మీదికి వచ్చు చేప కనుక, నీటిపై బుడగ పగిలిన చోటు కనిపెట్టి, దాని ముందు రెండు మూరల దూరమున ఎర వేయవలెను. పట్టినదా, మరుక్షణమే గుర్రపుడెక్కలోనికి దూరును. అప్పుడు నీ తులమెత్తు దారము, దాని కొసనున్న వెండ్రుక ఏమి చేయును?

అల్లుడు: ఆ వెండ్రుకను గూర్చి కూడ లెక్క కలదు. బరువుదారమునకును ఈగకును నడుమ తొమ్మిది అడుగుల నైలాను, దానిని లీడరందురు, మొదట లావై కొసకు సన్నగిలుచు పోవును. దారపు విసురు దానివెంట క్రమముగా చల్లారి, ఈగ రేకువలె నీటిపై వాలును. కొసలావును ఎక్స్ అను గుర్తుతో చెప్పుదురు. సున్న ఎక్స్ అంగుళములో వేయింట 11 వంతులు. ఎక్స్ ఒకటి పెరిగినకొలది వేయింట ఒక వంతు తగ్గును. కనుక నాలుగు ఎక్స్ అనగా ఏడు వంతులు, అనగా మిల్లీమీటరులో ఐదవ వంతుకు కూడ లోపు. కొక్కెపు అంకెను మూటితో భాగించిన తగిన ఎక్స్ వచ్చును. పన్నెండవ అంకె కొక్కెమునకు నాలుగు ఎక్స్. ఇది పరికకు, జిలేబికి. కొర్రమట్టకు ఈ లెక్క పనికిరాదు. అచట ఎనిమిదవ అంకె దారము, తల బరువై తోక సన్ననైనది. లీడరు ఆరడుగులకు మించరాదు, కొసయు లావుగనే యుండవలెను. జింకవెండ్రుకలతో కట్టిన కప్ప, దాని కొక్కెపు మొనకు అడ్డముగా బిరుసైన నైలాను పోగు, తీగలు తగులకుండుటకు.

మామ: ఆ పన్నెండవ అంకె కొక్కెము సంగతి యొకటి అడుగుదును. సన్ననిదారము చేపకు కానరాదు, నిజమే. కాని పరికకై వేసిన నీ వెండ్రుకను రెండు కిలోల రవ్వ పొరపాటున పట్టెననుకొనుము. తెగును. తెగిన దారముతో, నోట కొక్కెముతో ఆ ప్రాణి ఈ నీటిలో ఎన్నాళ్లు తిరుగవలెనో నీ లెక్కలో నున్నదా? నేను లావుదారము వాడుట నా కంటి మాంద్యముచేత కాదు. చేపలు తక్కువ పడిన పడనిమ్ము, పడినది నా చేతికి రావలెను.

మేనల్లుడు వెంటనే బదులు చెప్పలేదు. దారము సన్నదనమును నేర్పరితనపు కొలతగా చెప్పుకొను సంప్రదాయమున పెరిగినవానికి ఆ ప్రశ్న సూటిగా తగిలినదని నాకు తోచినది, నాకును తగిలినది.

అల్లుడు: కొక్కెపు ముల్లును శ్రావణముతో నొక్కి చదును చేయుదుము, తెగినను అది త్వరలో జారిపోవునని. పట్టినదానిని తిరిగి నీటిలో విడిచిపెట్టుదుము.

మామ: విడిచిపెట్టుటకే పట్టుట నా మనస్సునకు పట్టదు. తినుటకు పట్టినవాడు ఆకలికి సమాధానము చెప్పును. విడుచుటకు పట్టినవాడు దేనికి చెప్పును? అయినను ఒకటి. ఎర్రని పిల్లల గుంపును వెంటబెట్టుకొని కాచుచున్న కొర్రమట్టను నేనును ఎన్నడు పట్టను. దానిని పట్టిన ఆ గుంపంతయు గడియలో ఇతర చేపల పాలగును. మరియు, ఈ చెరువులో పిల్లలను వదలునది, వలవేయు హక్కుగలది మత్స్యకారుల సంఘము. వారినడుగక నీ కర్ర విప్పరాదు. నేను ఉదయమే అడిగి వచ్చితిని.

అనుమతి దొరికినదని వినిన మేనల్లుడు లేచి, నాలుగు ముక్కల కర్రను జతచేసి, ఐదవ అంకె దారమును వలయములగుండ దూర్చి, కట్టదిగువ ఒండ్రుగట్టున నిలిచి విసరసాగెను. మొదటి రెండు విసురులు చూడముచ్చటగా నుండెను. ఆకుపచ్చని దారము వెనుక ఆకాశమున ఒక లంకెగా విచ్చుకొని, క్షణము నిలిచి, ముందునకు వచ్చి పరచుకొనెను. మూడవదానికి దారము వలయములకు అంటుకొని ఆగినది. ఐదవదానికి ముందునకు పోక కుప్పగా పడినది. అటుపైన ఈగ తుమ్మకొమ్మకు తగులుకొన్నది. మా మిత్రుడు దిగివచ్చి, నేలబడిన దారమును వ్రేళ్లనడుమ రాచి చూచెను.

మామ: ఇది మెత్తబడినది. వేడియన్నపు ఆవిరికి అప్పడమువలె వాలిపోయినది. వ్రేలికి జిగటగా తగులుచున్నది.

అల్లుడు: మంచు కరిగిన నీటికై చేసిన దారము మామా. లోన అల్లిన నైలాను పోగులు, పైన ప్లాస్టిక్కు పూత. చల్లని నీటిలో కూడ చుట్టలు పడకుండుటకై పూతను మెత్తగా చేయుదురు. ఇచటి ఎండకు ఆ పూత ఇంకను మెత్తబడి, వలయములను పట్టుకొనుచున్నది. ఉష్ణదేశపు సముద్రతీరములకై వేరు దారములు చేయుదురు, బిరుసైన పూతతో, నైలాను నరముతో. వానిని చల్లని వాగునకు కొనిపోయిన తీగచుట్టవలె బిగుసుకొని విప్పుకొనవు. నాకీ సంగతి తెలియకపోలేదు, చదివియుంటిని. ఐదవ అంకె కర్రకు ఐదవ అంకె దారమని తృప్తిపడి, ఏ నీటికో చూడలేదు.

మామ: అంకె కలిసినది, ఊరు కలియలేదు.

ఈ ఒక్క మాటలో మా మిత్రుని వాదమంతయు నున్నదని నేను తలచితిని. హెన్రీ సలివాన్ థామస్ అను మద్రాసు సివిలు ఉద్యోగి దక్షిణ కన్నడ మండలమున నుండి 1873లో ‘రాడ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును మంగుళూరున అచ్చువేయించినప్పుడు చేసినదియు ఇదియే. స్వదేశపు సామగ్రిని ఈ దేశపు చేపల నోళ్లకు, ఈ నీళ్లకు తగినట్లు మార్చి చెప్పుట. అతడే చెరువులలో గాలము వేయుటనుగూర్చి 1887లో వేరొక పుస్తకము వ్రాసెను. చెరువు వేరు, ఏరు వేరు అని అతనికి తెలియును. అంతకు ఏడువందల ఏండ్లకు పూర్వమే, ఈ తెలంగాణ నేలలో పెద్దభాగమును ఏలిన కల్యాణి చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసము’న వినోదవింశతిలో మత్స్యవినోదమని ఒక అధ్యాయము పెట్టి, చేపల జాతులు, వాని మేత, ఎర, గాలపు సాధనములు రాజులకు తగిన శ్రద్ధతో చెప్పెను. చేప ఏమి తినును అను ప్రశ్న లేక సాధనముల ముచ్చట నడువదని ఆ గ్రంథము నాకు చెప్పుచున్నట్లుండును.

అల్లుడు: ఈ దినమునకు నా సామగ్రి ఓడినది. ఉష్ణదేశపు దారము తెప్పించుటకు నెలదినములైన పట్టును.

మామ: నీవు దారము కొరకు నెల ఆగనేల? చెర్నాకోల యంటివి గదా. లావై మొదలై సన్ననై ముగియుటయే గదా దాని రహస్యము. నా కర్ర కొసకు అట్టి త్రాడు పేనిన ఏమగును?

మేనల్లుడు ఒక్క క్షణము మామవైపు చూచి, తుమ్మకొమ్మనుండి ఈగను తీసికొనుచు, వేగముగా మాటాడసాగెను.

అల్లుడు: మామా, ఈ విద్య మొదట పుట్టినదే అట్లు! రోమకులనాటి ఏలియన్ అను రచయిత మాసిడోనియాలోని ఒక నదిపై చేపలు పట్టువారిని వర్ణించెను. కొక్కెమునకు ఎర్రని ఉన్ని చుట్టి, రెండు కోడి ఈకలు కట్టి, ఆరడుగుల కర్రకు ఆరడుగుల దారము ముడివైచెడివారట. రీలు లేదు, వలయములు లేవు. ఆంగ్లేయులును ఎన్నో శతాబ్దులు గుఱ్ఱపు వెండ్రుకలను పేని, పోగులు తగ్గించుకొనుచు పోయి, త్రాడు సన్నగిల్లునట్లు చేసికొనిరి. జపానుకొండలలో టెంకారా అను పేర నేటికిని కర్రకొసకే దారము ముడివైచి ఈగను విసరుదురు. మీ కర్రనుండి బెండును గుండును తీసివైచిన అది అదే!

మామ: బెండు తీసిన చేప పట్టినది నాకెట్లు తెలియును? ఏబది ఏండ్లుగా అదే నాతో మాటాడుచున్నది. రవ్వ మెల్లగా ప్రక్కకు లాగును, జెల్ల గుటుక్కున ముంచును. బెండు కదలికనుబట్టి నీటిలోనిది ఏ జాతియో చెప్పగలను.

అల్లుడు: పరిక మీదనే పట్టును, మీ కన్నే బెండు. వాలిన ఈగ చుట్టు నీరు చిట్లిన క్షణమున మణికట్టు లేపవలెను.

మా మిత్రుడు సంచినుండి వల బాగుచేయు తంగూసు కండెను తీసెను. తొమ్మిది పోగులు కలిపి ఒక కొసను తన కాలి బొటనవ్రేలికి ముడివైచి, రెండవ కొసను మేనల్లుని చేతికిచ్చి, దూరముగా నిలువుమనెను. పేనుచు మూరకొక పోగు తగ్గించుచు పోయిరి. మెలిక విప్పుకొనకుండ మధ్యమధ్య ముడి వేయుట మామకు తెలియును. ముడి పెద్దదైన విసురు అచట తెగుననుట మేనల్లునికి తెలియును. ఆ విషయమై మరల కొంత కలహించిరి, చిన్నముడికే మామ ఒప్పుకొనెను. అటు చెరువు నడుమనుండి కొంగలు లేచి తూర్పునకు పోవుచుండెను. రాజీవ్ రహదారిపై దీపములు వెలుగసాగినవి.

“కొసకు ఎన్ని పోగులు?” అని మామ అడిగెను.

“మూడు. ఆపైన ఒంటిపోగు రెండు మూరలు.”

“తెగునేమో.”

“మీ కొలతకే లావుగా ఉంచుదము. పరికలు తక్కువ పడిన పడనిండు.”

మామ తల పంకించి, మూడవ పోగును దీపపు వెలుతురునకు ఎత్తి చూచి, తెల్లవారుజామున శిఖమువైపు పలుచనినీటి దగ్గరకు రమ్మని ఇద్దరితోను చెప్పి, మరల పేనసాగెను.